దొర చేతికి రాకముందటి కారు

అంబాసిడర్ కారు గురించి నాకు తెలిసినంత మా నల్లగొండ జిల్లాలో ఇంకెవరికీ తెలియదు. గొప్పలు చెప్పుకుంటున్నాడని మీరు అనుకుంటే అనుకోండి, నేను చెప్పుకుంటున్నది గొప్పే. నకిరేకల్‌లో హైవే పక్కన నాకొక షెడ్డు ఉంది. బత్తాయి లోడుతో పోయే డ్రైవర్లు టీకి ఆగినప్పుడు లోపలికి తొంగిచూసి, ఈ డబ్బాలను ఎందుకు సాదుతున్నావన్నా అని నవ్విపోతుంటారు. నవ్వనీ. హైదరాబాదు నుంచి, ఇంకా దూరం నుంచి కూడా మనుషులు తాతల నాటి కార్లను లారీ ఎక్కించి నా దగ్గరికే తెస్తారు. తెచ్చినవాళ్లలో సగం మందిని నేనే వాపసు పంపిస్తాను.

ఎందుకంటే వాళ్లకు కావలసింది మెరుపు. పాత కారుకు కొత్త సీట్లు, ఏసీ, కళ్లు చెదిరే రంగు వేయించి పెళ్లి ఊరేగింపులో తిప్పుకోవాలి. అది నా పని కాదు. కారు ఫ్యాక్టరీ గేటు దాటిన రోజు ఎట్లా ఉందో అట్లా చేయడం నా పని. మా షెడ్ల భాషలో దాన్ని కంపెనీ ఫిటింగ్ అంటాం. కంపెనీ వైరు మీద గుడ్డ తొడుగు వేసి ఉంటే నేనూ గుడ్డ తొడుగే వేస్తాను, ప్లాస్టిక్ ముట్టను. ఒంటి గాటు స్క్రూ ఉండాల్సిన చోట స్టార్ స్క్రూ కనబడితే నాకు అన్నంలో రాయి తగిలినట్టు ఉంటుంది. మడ్‌గార్డు కింద, సీటు అడుగున కూడా అంతే. అక్కడ ఎవరు చూస్తారన్నా అని నా దగ్గర పనిచేసే పెయింటరు విసుక్కుంటాడు. నేను చూస్తాను. చాలదా?

ఇట్లా చేసిన కార్లన్నీ వాటి వాటి ఆసాములతో వెళ్లిపోయాయి. ఒక్కటి మాత్రం నాది.

మా ఊరు మోత్కూరు నుంచి లోపలికి ఉంటుంది. మాది గొర్లు మేపుకునే కుటుంబం. బాపు నడక నేర్చిన నాటి నుంచి మంద వెనకే నడిచాడు, ఇప్పటికీ నడుస్తున్నాడు. ఆయన పడుచువాడిగా ఉన్న రోజుల్లో మా ఊరి దొరకు ఒక నల్ల అంబాసిడర్ ఉండేది. చుట్టుపక్కల అదొక్కటే కారు. దాని హారన్ వినబడిందంటే బండివాడు బండిని, గొర్లవాడు గొర్లను బాట దింపాలి. మనిషి పక్క కాలువలో దిగి, తలగుడ్డ తీసి, దుమ్ము అణిగేదాకా నిలబడాలి. ఒకనాడు బాపు మంద సగం బాట దిగింది, సగం దిగలేదు. కారు అట్లాగే వచ్చింది. మందకు ముందు నడిచే పెద్ద గొర్రె దాని కింద పడి అక్కడికక్కడే చచ్చిపోయింది. సాయంత్రం దొర ఉండే గడి నుంచి బాపుకు పిలుపు వచ్చింది. కారుకు అంటిన నెత్తురును ఆయనతోనే కడిగించారు.

ఈ సంగతి బాపు నాకు ఎన్నడూ చెప్పలేదు. అమ్మ చెప్పింది, అది కూడా నాకు మీసాలు వచ్చాక. చెప్పి, మీ బాపును అడగకు అన్నది. నేను అడగలేదు గానీ, ఆ మాట నా కడుపులో అట్లాగే ఉండిపోయింది. కార్ల పనిలోకి ఎందుకొచ్చావని ఎవరైనా అడిగితే బతుకుదెరువు కోసం అంటాను. అది సగమే నిజం.

తెలంగాణ వచ్చిన తర్వాత ఒక ఎండాకాలం, దొర మనుమడు భూముల పని మీద ఊరికి వచ్చాడనీ, గడి వెనక కొట్టంలో ఉన్న ఇనుమంతా తీసేయిస్తున్నాడనీ తెలిసింది. పోయి చూశాను. ఆ కారు అక్కడే ఉంది. చక్రాలు లేవు. సగం నేలలో కూరుకుపోయింది. ముందు అద్దం పగిలి, లోపల ఆముదపు చెట్టు మొలిచింది. ఇంజను ఎప్పుడో తీసి అమ్మేశారట. ఆ మనుమడు మంచి పిల్లవాడే. తుక్కు కింద తీసుకుపొమ్మన్నాడు. దీన్ని ఏం చేస్తావని అడిగితే కొత్తదాన్ని చేస్తానన్నాను. ఎవరికోసమని అతను అడగలేదు, నేనూ చెప్పలేదు.

అడిగి ఉంటే ఒక్క ముక్కలో చెప్పేవాణ్ణి. ఆ కారులో మా బాపు కూర్చోవాలి. అంతే.

ట్రాక్టర్ ట్రాలీ మీద కట్టించి మా ఇంటి ముందు నుంచే తీసుకొచ్చాను. వేరే బాట ఉంది, అయినా కావాలనే తెచ్చాను. బాపు దొడ్డి దగ్గర తడిక కడుతున్నాడు. తలెత్తి చూశాడు. రంగు రాలిపోయినా, తలుపులు వేలాడుతున్నా గుర్తుపట్టాడు. చేతిలో తాడు కింద పడేసి లోపలికి పోయాడు. నేను వెనకే పోయి నా ఆలోచనంతా చెప్పాను. కలకత్తాలో ఫ్యాక్టరీ గేటు దాటిన రోజు ఆ కారుకు దొర లేడు, దాన్ని మళ్లీ ఆ రోజుకు తీసుకుపోతాను, దొర చెయ్యి తగిలిన ఆనవాలు ఒక్కటి కూడా మిగలనియ్యను అన్నాను. చాలా బాగా చెప్పాననుకున్నాను. బాపు మంచినీళ్లు తాగి చెంబు పక్కన పెట్టాడు.

"గేటు దాటినంక గా కారు ఏడికొచ్చింది రా?" అన్నాడు.

మాటలో దొరికిపోతే నాకు కోపం వస్తుంది. అది నాకు అమ్మ తరఫు నుంచి వచ్చిన గుణం. నిన్ను అందులో ఎక్కించకపోతే నేను నీ కొడుకునే కాదు అనేశాను. అమ్మ నెత్తి కొట్టుకుంది. ఇద్దరికిద్దరు మొండోళ్లు దొరికిండ్రు నాకు, నడుమ నా పాణం తీస్తున్నరు అని గొణుక్కుంటూ పొయ్యి దగ్గరికి పోయింది.

కారు షెడ్డుకు చేరిన నాటి నుంచి నాకు ఇంకో పని మీద మనసు లేదు. ముందు రంగు గీకించాను. నలుపు కింద ఇంకో నలుపు వచ్చింది. దాని కింద ఏముందోనని నేనే కూర్చుని వాటర్ పేపర్‌తో రుద్దాను. ఏదీ తేలలేదు, అంతా తుప్పు. డ్యాష్‌బోర్డు విప్పాక, దాని వెనక ఎండ తగలని మూలలో, బూడిద కలిసిన లేత నీలం రంగు కనబడింది. తలుపు రబ్బరు కింద గీకితే అక్కడా అదే. నాకు సంతోషం పట్టలేదు. ఆ కారు పుట్టుకతో నల్లది కాదు! దొర తెప్పించుకున్నాక నలుపు పూయించాడన్నమాట. హోదాకు కావచ్చు, చూసినవాళ్లకు జడుపు పుట్టాలని కావచ్చు. వెంటనే అమ్మకు ఫోన్ చేసి చెప్పాను. రెండో రోజు అమ్మే ఫోన్ చేసింది. నీలమట గదా, నిజమేనా అని మీ బాపు అడిగిండు అన్నది. నిజమేనని చెప్పు, నా మీద నమ్మకం లేకపోతే వచ్చి చూసుకొమ్మని చెప్పు అన్నాను. రాలేదు. అయినా అడిగాడు గదా అనుకున్నాను.

అక్కడి నుంచి దొర పెట్టించినవన్నీ ఒక్కొక్కటి పీకాను. బంపర్ మీద బిగించిన జంట గొట్టాల హారన్, వెనక అద్దాలకు పరదా కడ్డీలు, మడ్‌గార్డు మీద జెండా పెట్టుకునే గొట్టం. డ్రైవరుకూ వెనక సీటుకూ నడుమ ఒక రేకు కూడా కొట్టించి ఉంది. డ్రైవరుకు తగిలిన గాలి దొరకు తగలకూడదు కాబోలు. వీటన్నింటికీ వేసిన రంధ్రాలను మూయడం పీకడం కంటే పెద్ద పని. పుట్టీ పెట్టి రంగు కొడితే బయటికి తెలియదు. కానీ లోపల పుట్టీ ఉందని నాకు తెలుస్తుంది గదా. అదే మందం రేకు ముక్కలు కోసి, అతికించి, ఆకురాయి పట్టించి, కళ్లు మూసుకుని తడిమితే ఎక్కడ రంధ్రం ఉండేదో నాకే తెలియకుండా చేశాను. నేను లేనప్పుడు పెయింటరు ఒక చోట పుట్టీ పూశాడు. ఆ డబ్బాను రోడ్డు అవతలికి విసిరేశాను. అతను అలిగి ఇంటికి పోయాడు. మళ్లీ నేనే పోయి, అతని భార్య ముందర బతిమాలి తెచ్చుకున్నాను. చేతిలో అంత పనితనం ఉన్న మనిషి మళ్లీ దొరకడు.

ఇంజనుతో నాకు చుక్కలు కనబడ్డాయి. బానెట్ కింద కంపెనీ బిళ్ల మీద ఇంజను నంబరు కొట్టి ఉంది. ఆ నంబరు ఇంజనే కావాలి. వేరేది పెడితే కారు నడుస్తుంది, కానీ నేను చేసిన పనికి అర్థం ఉండదు. దొర దగ్గర పనిచేసిన డ్రైవరు కొడుకును వెతికి పట్టుకుంటే, మేళ్లచెరువు దిక్కు రాళ్ల గుంతల వాళ్లకు అమ్మినట్టు మా నాయిన చెప్పేవాడు అన్నాడు. అక్కడ సున్నపురాయి తవ్విన గుంతల్లో నీళ్లు తోడడానికి పాత కార్ల ఇంజన్లను వాడేవాళ్లు. సిమెంటు దుమ్ములో గుంత గుంతకూ తిరిగాను. అడిగినవాడల్లా నన్ను పిచ్చోణ్ణి చూసినట్టు చూశాడు. చివరికి మూతపడ్డ ఒక గుంత పక్కన, కూలిన రేకుల కింద, ఒళ్లంతా తెల్లగా గడ్డకట్టిన ఒక ఇంజను కనబడింది. సుత్తితో మెల్లగా కొట్టి దుమ్ము రాల్చి, బొటనవేలు తడి చేసి నంబరు తుడిచాను. అదే! ఆ జాగా ఆసామి నా మొహం చూసి, ఏడుస్తున్నవేందన్నా అన్నాడు. ఏడ్వలేదు, కంట్లో దుమ్ము పడ్డది అన్నాను. ఏడ్చాను.

ఇంక మిగిలినవన్నీ ఓపిక పని. స్టీరింగ్ పక్కన గేరు, ముందు ముగ్గురు కూర్చునే ఒకటే సీటు, తలుపు మూలల్లో ముక్కోణపు అద్దాలు, కంపెనీ ఇచ్చిన సన్నపాటి హారన్, అన్నీ ఎక్కడివక్కడికి చేరాయి. వెనక సీటు బట్టకు అసలు నేత దొరక్క ఊళ్లకు ఊళ్లు తిరిగాను. దొరికాక దాని మీద పెయింటరు టీ చుక్క ఒలకబోస్తే కొట్టడానికి పోయాను. పని అయిపోయాక పాత కార్ల పిచ్చి ఉన్నవాళ్లు కొందరు హైదరాబాదు నుంచి చూడటానికి వచ్చారు. వాళ్లలో ఒక పెద్దమనిషి టార్చి పట్టుకుని కారు కింద దూరి, పొద్దంతా తప్పు కోసం వెతికాడు. లేచి బట్టలు దులుపుకుని, నా చెయ్యి పట్టుకుని ఊపాడు. మాకు ఇచ్చెయ్యమని అడిగారు. ఇందులో ఎక్కాల్సిన మనిషి ఇంకా ఎక్కలేదన్నాను.

కారును ఇంటి ముందు ఆపిన రోజు ఊరంతా వచ్చింది. అమ్మ కొబ్బరికాయ కొట్టి, కొత్త చీర సర్దుకుని వెనక సీట్లో దర్జాగా కూర్చుంది. జర మెల్లగ పోనియ్ డ్రైవరూ అని నన్ను ఆటపట్టించింది. ఊరి చుట్టూ తిప్పాను. బాపు ఆ రోజు పొద్దున్నే మందను గుట్టకు తోలుకుపోయాడు. పొద్దుగూకినాక వచ్చి, కారును చూడకుండా గోడ వెంబడి ఇంట్లోకి పోయాడు. అప్పటి నుంచి అంతే. నేను ఊరికి పోయినప్పుడల్లా తలుపు తీసి పట్టుకుని నిలబడటం, ఆయన మోకాళ్లు నొస్తున్నా ఆటో కోసం రోడ్డు దాకా నడిచిపోవడం. తిట్టాను. బతిమాలాను. కొన్నాళ్లు మాట్లాడటం మానేశాను. అమ్మ మా ఇద్దరినీ తిట్టింది. ఒకసారి మాత్రం నేను గట్టిగా అడిగితే ఆయన కారు దగ్గరికి వచ్చాడు. తలుపు మీద చెయ్యి పెట్టబోయి, పెట్టకుండా వెనక్కి తీసుకున్నాడు.

"నీ పనితనం మంచిగున్నది కొడుకా, నేను కాదంటలేను. కాని దీని ముంగట నిలబడితే నా చేతులు ఇంకా తడిగనే ఉన్నట్టు అనిపిస్తది."

రేకును, రంగును, ఇంజనును వెనక్కి తీసుకుపోగలిగాను గానీ ఆయనకు నేను చేయగలిగింది ఏమీ కనబడలేదు. ఆ తర్వాత ఎక్కమని అడగలేదు. కారును అమ్మనూ లేదు. ఊరికి పోయిన ప్రతిసారీ దాంట్లోనే పోయాను.

వానాకాలం మొదట్లో ఒక పొద్దున నేను ఊళ్లోనే ఉన్నాను. దొడ్డిలో ఒక సూడి గొర్రె ఈనలేక కొట్టుకుంటున్నది. కడుపులో పిల్ల అడ్డం తిరిగింది. ఇట్లాంటివి బాపు చేత్తోనే సరిచేసేవాడు. ఆ రోజు ఆయన వల్ల కాలేదు. మోత్కూరులో పశువుల దవాఖానకు తీసుకుపోవాలి. ఆటోకు ఫోన్ చేస్తే కిరాయికి పోయానన్నాడు. బాపు గొర్రెను గొంగట్లో చుట్టి రెండు చేతులా ఎత్తుకుని బయటికి వచ్చి, బాటకు అటూ ఇటూ చూశాడు. గొర్రె మూలుగుతున్నది. నేను వెనక తలుపు తీశాను. బాపు గొర్రెతో సహా ఎక్కి కూర్చున్నాడు.

ఎన్నేళ్లుగానో నేను ఎదురుచూసింది అట్లా జరిగిపోయింది. చూసి మురిసే తీరిక ఎవరికీ లేదు. సీటు నిండా నెత్తురు, నీళ్లు, పెంటికలు. నాకు ఆ సంగతే పట్టలేదు. అద్దంలో బాపును చూసుకుంటూ తోలాను. ఆయన గొర్రె తలను ఒళ్లో పెట్టుకుని, దాని చెవి దగ్గర వంగి ఏదో చెబుతున్నాడు. కారులో ఉన్నానన్న సోయి ఆయనకు లేదు.

దవాఖానలో డాక్టరమ్మ పిల్లను సరిగ్గా తిప్పి బయటికి తీసింది. దాని వెనక ఇంకోటి వచ్చింది. రెండూ బతికాయి, తల్లీ బతికింది. బాపు పిల్లల మూతులు తుడిచి, ముక్కుల్లో ఊది, తల్లి ముందర పెట్టి అది నాకేదాకా అక్కడే కూర్చున్నాడు. తర్వాత మూడింటినీ తెచ్చి వెనక సీట్లో పడుకోబెట్టి తలుపు మూశాడు. మూసి, బయటే నిలబడ్డాడు.

పొద్దున ఎక్కింది గొర్రె కోసం, అది లెక్కలోకి రాదని నాకు తెలుసు. ఇప్పుడు బస్టాండు పక్కనే ఉంది, ఆటోలు వరుసగా ఉన్నాయి. ఇప్పుడు ఎక్కకపోతే ఈ జన్మలో ఎక్కడు. నేను స్టీరింగ్ పట్టుకుని ఎదురుగా చూస్తూ కూర్చున్నాను. నేను అంతసేపు నోరు మూసుకోవడం అమ్మ చూసి ఉంటే నమ్మేది కాదు. చాలాసేపటికి ముందు తలుపు తెరుచుకుంది. బాపు నా పక్కన కూర్చున్నాడు. కూర్చొని, పిల్లలు కింద పడతయి నిమ్మళంగ తోలు అన్నాడు. ఆ మాటా గొర్రెల పేరు మీదే అన్నాడు.

మెయిన్ రోడ్డు దిగాక మా ఊరి బాట పత్తిచేల నడుమ సన్నగా పోతుంది. ఒక మలుపు తిరగగానే బాట నిండా గొర్ల మంద ఎదురొచ్చింది. నడివయసు ఆడమనిషి ఒకామె తోలుకొస్తున్నది, చంకలో గొర్రెపిల్ల, చేతిలో కట్టె. పక్క ఊరామె కావచ్చు, నాకు తెలియదు. కారును చూడగానే ఆమె గాబరా పడింది. పరుగెత్తుకొచ్చి కట్టెతో గొర్లను కొడుతూ కాలువలోకి దింపసాగింది. నా చెయ్యి అలవాటుగా హారన్ మీదికి పోయింది. బాపు నా మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. నేను బ్రేకు వేశాను. ఆయన అద్దం దించి, సగం దాకా బయటికి వంగాడు.

"ఉరుకకు బిడ్డా, దింపకు. నడిబాటనే తోలుకపో. గీ కారు ఆగుతది."

ఆమె నమ్మనట్టు చూసింది. మా ఇద్దరి మొహాలూ చూసి కట్టె దించింది. మంద మా మీదికి నడిచొచ్చింది. రెండు పాయలుగా చీలి, కారును రెండు పక్కలా రాసుకుంటూ పోసాగింది. ఒక పొట్టేలు కొమ్ము నా తలుపును గీసిన చప్పుడు విన్నాను. ఆ నీలం మీద ఎంత పొడుగు గీత పడిందో దిగి చూడకుండానే చెప్పగలను. బాపు బయటికి చెయ్యి చాపి, పక్క నుంచి పోతున్న గొర్ల వీపులను ఒక్కొక్కటిగా తాకుతూ కూర్చున్నాడు. మంద చాలా పెద్దది, నేను ఇంజను బంద్ చేశాను.